గూడు ఒకటే, గుణం వేరు

‘ఇంటింటా కంప్యూటర్’ శీర్షిక – జంషెడ్‌పూర్ నుండి



ఈ శీర్షికలో ఇంతవరకు ఇతరులు చేసే పొరపాట్లను గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి నేను చేసిన పొరపాటును గురించి వ్రాయవలసి వచ్చినది. ముప్పది సంవత్సరాలకు పైగా యంత్రాల మధ్య గడిపినవాడిని; సంఖ్య చూడనిదే బేరింగును షాఫ్టుకు ఎక్కించరాదని ఎందరో కొత్త ఇంజనీర్లకు పాఠం చెప్పినవాడిని. అటువంటి నేనే ఒక మధ్యాహ్నం క్యాంటీనులో భోజనం చేస్తూ, ఏ సంఖ్యనూ సరిచూడకుండా ఒక సలహా ఇచ్చాను. ఆ సలహాకు వెల చెల్లించినది నేను కాదు, మరొకరు. అందువల్లనే ఈ వ్యాసం.

జరిగిన సంగతి

జంషెడ్‌పూర్ కార్యాలయంలో నాతోపాటు పనిచేస్తున్న ఒక సీనియర్ టెక్నీషియన్ గారున్నారు. ఆయన తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి ఉక్కు కర్మాగారంలో పనికై వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈ ఊరిలో అటువంటి తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. మూడు తరాలు గడచినా ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటారు. ఆయనకు పదవీ విరమణ దగ్గరపడినది. కుమార్తె సివిల్ ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నది. ఆమె ప్రాజెక్టు పనికి డ్రాయింగు సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంట్లో ఉన్నది 2016లో కొన్న డెస్క్‌టాప్. అందులోనిది ఇంటెల్ ఆరవ తరానికి చెందిన ఐ3-6100 ప్రాసెసర్, హెచ్110 చిప్‌సెట్ గల మదర్‌బోర్డు, నాలుగు జీబీల డీడీఆర్4 మెమొరీ, ఒక పాత హార్డ్ డిస్కు. దానికి తోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది.

“సార్, కొత్తది కొనమంటారా? లేక ఉన్నదానినే కొంచెం బాగు చేయించుకోమంటారా?” అని ఆయన అడిగారు.

నేను అన్నం కలుపుకొంటూనే జవాబు చెప్పాను. “కొత్తది ఎందుకండీ? మీ బోర్డులో సాకెట్ 1151. ఎనిమిదో తరం ఐ5-8400 కూడా 1151 సాకెటే. రెండు కోర్లున్న చోట ఆరు కోర్లు వస్తాయి. ఎక్కడైనా వాడినది దొరికితే తీసుకోండి, ఆదివారం వచ్చి నేనే బిగిస్తాను.”

ఆయన బజారులో నాలుగైదు దుకాణాలు తిరిగి, వాడిన ప్రాసెసర్ ఒకటి సంపాదించారు. సుమారు అయిదు వేల రూపాయలైనది. ‘అమ్మిన వస్తువు తిరిగి తీసుకొనబడదు’ అన్న బోర్డు దుకాణంలో వ్రేలాడుతున్న సంగతి ఆయన నాకు తరువాత చెప్పారు.

ఆదివారం వారి ఇంటికి వెళ్ళాను. పాత ప్రాసెసర్ తీసి, కొత్తదానిని సాకెట్‌లో అమర్చాను. అంచున ఉండే గాళ్ళు సరిగ్గా కూర్చున్నవి. మూత మూసుకొన్నది. ఎక్కడా ఇబ్బంది లేదు. స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగినది, దీపం వెలిగినది. తెర మాత్రం చీకటిగానే ఉన్నది. మెమొరీ తీసి పెట్టాను. బయాస్ అమరికలను తుడిచివేశాను. ఎస్‌ఎంపీఎస్ తీగలన్నీ మరల బిగించాను. గంటన్నర గడచినది. వారింట చేసి పెట్టిన ఉప్మా చల్లారిపోయినది. తెర వెలగలేదు.

ఆ సమయంలో, ఇంతసేపూ మౌనంగా నిలబడి చూస్తున్న ఆ అమ్మాయి తన ఫోను నా ముందుంచి, “అంకుల్, ఈ బోర్డుకు ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో కంపెనీవాళ్ళు జాబితా ఇచ్చారండీ. ఇందులో ఆరో తరం, ఏడో తరం ఉన్నాయి. ఎనిమిది లేదు” అన్నది.

ఆమెకు ఆ జాబితా వెతకడానికి రెండు నిమిషాలు పట్టినది. నాకు ఆ రెండు నిమిషాలు క్యాంటీనులో దొరకలేదు.

పాత ప్రాసెసర్ తిరిగి పెట్టగానే యంత్రం మామూలుగా పనిచేసినది. అదృష్టవశాత్తు ఏదీ దెబ్బతినలేదు. కాని ఆయన అయిదు వేలు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బల్లమీద ఉన్నవి. “ఫరవాలేదు సార్, మీరు మంచికే చెప్పారు” అన్నారు ఆయన. ఆ మాటే నన్ను ఎక్కువగా బాధించినది.

సాకెట్ ఒకటైతే చాలదా?

చాలదు. దీనిని మన పనిలోని ఉదాహరణతోనే చెప్పుకొందాము. 6205 బేరింగు లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 52, వెడల్పు 15. అదే సంఖ్య చివర సీ3 అని ఉన్న బేరింగుకూ ఈ కొలతలే. షాఫ్టుకు ఎక్కుతుంది, హౌసింగులో కూర్చుంటుంది. కాని లోపలి ఖాళీ, అనగా క్లియరెన్స్, వేరు. వేడి ఎక్కువగా ఉండేచోట సీ3 వేయవలసి ఉండగా మామూలు బేరింగు వేస్తే, అది కొద్ది రోజులలోనే బిగుసుకొనిపోవచ్చును. పైకొలతలు కుదిరినవి కాని గుణం కుదరలేదు. ఇంట్లోవారికి చెప్పవలసివస్తే, బల్బు హోల్డరు ఒకటే అయినా దానికి వేసే బల్బు 9 వాట్లదా, 200 వాట్లదా అన్నది హోల్డరు చెప్పదు కదా!

ప్రాసెసర్ విషయంలో సాకెట్ అన్నది కేవలం గూడు. అందులో ఎన్ని కాంటాక్టులు ఉన్నవో దాని పేరే చెబుతుంది. ఎల్‌జీఏ 1151 అనగా 1151 కాంటాక్టులు. కాని వాటిలో ఏది విద్యుత్తును తెస్తుంది, ఏది సంకేతాన్ని మోస్తుంది, ఏది ఖాళీగా ఉంచబడినది అన్నది ఆ సంఖ్య చెప్పదు. 2015లో ఆరవ తరం ప్రాసెసర్లతో ఈ సాకెట్ వచ్చినది. 2017 ఆరంభంలో ఏడవ తరం అదే సాకెట్‌లో, అదే బోర్డులలో పనిచేసినది. అదే సంవత్సరం అక్టోబరులో ఎనిమిదవ తరం వచ్చినది. పేరు 1151 గానే ఉన్నది. అయితే నాలుగు కోర్ల స్థానంలో ఆరు కోర్లు వచ్చినందున, వాటికి ఎక్కువ విద్యుత్తు అందవలసి, ప్రాసెసర్‌కు విద్యుత్తును అందించే కాంటాక్టులు 128 నుండి 146కు పెరిగినవి. భూమి కాంటాక్టులు కూడా పెరిగినవి. మునుపు ఖాళీగా ఉంచినవాటినే ఇందుకు వినియోగించారు. కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరాలకు 300 శ్రేణి చిప్‌సెట్ గల బోర్డులే కావలెను. 100, 200 శ్రేణి బోర్డులలో అవి కూర్చుంటవి, పనిచేయవు. మా టెక్నీషియన్ గారి హెచ్110 బోర్డు 100 శ్రేణికి చెందినది.

ఇది కొత్త కథ కాదు

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో కార్యాలయాలలో 486 యంత్రాలు ఉండేవి. తరువాత పెంటియం వచ్చినది. ఆనాటి సాకెట్ 7లో ఇంటెల్, ఏఎండీ, సిరిక్స్ – మూడు సంస్థల ప్రాసెసర్లూ పట్టేవి. అదొక స్వర్ణయుగం అని చాలామంది అనుకొంటారు. కాని అక్కడా చిక్కు ఉన్నది. ఆ సాకెట్‌లో పట్టే తొలి పెంటియం ప్రాసెసర్లు సుమారు 3.3 వోల్టులతో నడిచేవి. 1997లో వచ్చిన పెంటియం ఎంఎంఎక్స్ లోపలి భాగానికి 2.8 వోల్టులు మాత్రమే కావలెను. బోర్డు మీద చిన్న చిన్న జంపర్లను మార్చి ఆ వోల్టేజిని అమర్చవలసి ఉండేది. రెండు వోల్టేజిలు ఇవ్వలేని పాత బోర్డులో కొత్త ప్రాసెసర్‌ను నేరుగా పెట్టుట ప్రమాదకరం.

2004లో వచ్చిన ఎల్‌జీఏ 775 సాకెట్ మరొక ఉదాహరణ. పెంటియం 4, పెంటియం డి, 2006లో వచ్చిన కోర్ 2 డుయో, ఆ తరువాతి కోర్ 2 క్వాడ్ – అన్నీ ఆ ఒక్క సాకెట్‌లోనే కూర్చుంటవి. అయినా పెంటియం 4 కాలంనాటి 915 చిప్‌సెట్ బోర్డులో కోర్ 2 డుయో పనిచేయదు. 945 చిప్‌సెట్ బోర్డులలో కొన్నింట పనిచేస్తుంది, కొన్నింట చేయదు. అది బోర్డు మీది విద్యుత్ సరఫరా విభాగం నమూనాపైనా, బయాస్‌పైనా ఆధారపడి ఉంటుంది. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్నట్లు, పేరును చూసి లోపలి గుణాన్ని నిర్ణయించరాదు.

ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఇందుకు కొంత భిన్నం. 2017లో రైజెన్‌తో ప్రాచుర్యానికి వచ్చిన ఈ సాకెట్‌లో అయిదు సంవత్సరాల తరువాతి ప్రాసెసర్లు కూడా పట్టినవి. మొదటి 300 శ్రేణి బోర్డులకు సైతం 2022లో రైజెన్ 5000 శ్రేణికి మద్దతు లభించినది. అయితే అది కొత్త బయాస్ ఎక్కించినప్పుడే. ఆ బోర్డులలో చాలావాటిపై బయాస్ నిలువ చేసే చిప్ సామర్థ్యం 16 మెగాబైట్లే అయినందున, కొత్త ప్రాసెసర్లకు చోటివ్వడానికి కొన్ని పాతవాటిని జాబితా నుండి తొలగించిన సందర్భాలూ ఉన్నవి. కొత్త అల్లుడికి గది ఇచ్చి పాత అల్లుణ్ణి అరుగు మీద పడుకోమన్నట్లు! కాబట్టి బయాస్ మార్చే ముందు ఆ సంచికకు సంబంధించిన గమనికను తప్పక చదవవలెను.

కొనే ముందు చూడవలసినవి

నా తప్పు నేర్పిన పాఠాన్ని క్రమంగా చెబుతాను.

మొదటిది, బోర్డు ఏదో కచ్చితంగా తెలుసుకొనుట. ‘ఆరో తరం కంప్యూటర్’ అన్నది గుర్తింపు కాదు. పెట్టె విప్పి చూస్తే బోర్డు మధ్యనో, మెమొరీ గాళ్ళ పక్కనో మోడల్ పేరు ముద్రించి ఉంటుంది. ఒక మూల రివిజన్ సంఖ్య కూడా ఉంటుంది. ఒకే మోడల్‌లో రివిజన్ మారితే ప్రాసెసర్ల జాబితా మారవచ్చును. పెట్టె విప్పడం ఇష్టం లేనివారు విండోస్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరచి చూస్తే బేస్‌బోర్డు పేరు, బయాస్ సంచిక, తేదీ కనిపిస్తవి. వాటిని కాగితం మీద వ్రాసుకొనవలెను. జ్ఞాపకాన్ని నమ్మరాదు.

రెండవది, ఆ బోర్డు తయారుచేసినవారి ప్రాసెసర్ జాబితా చూచుట. తుది తీర్పు ఇదే. అందులో ప్రతి ప్రాసెసర్‌కు ఎదురుగా ‘ఏ బయాస్ సంచిక నుండి’ అని ఉంటుంది. మీరు కొనదలచిన దాని సంఖ్య అక్షరం అక్షరం అందులో ఉండవలెను. దగ్గరి సంఖ్య ఉన్నదని తృప్తిపడరాదు.

మూడవది, బయాస్. కొత్త సంచిక అవసరమైతే పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే దానిని ఎక్కించవలెను. చాలామంది ముందుగా కొత్త ప్రాసెసర్ బిగించి, తరువాత బయాస్ మార్చబోతారు. యంత్రమే లేవనప్పుడు బయాస్‌ను మార్చేదెట్లు? ప్రాసెసర్ లేకుండానే పెన్ డ్రైవ్ నుండి బయాస్ ఎక్కించుకొనే సదుపాయం కొన్ని బోర్డులకే ఉన్నది. ఈ పని జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు నిరుపయోగం కావచ్చును. కాబట్టి యూపీఎస్ లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

నాలుగవది, విద్యుత్తు. ఎస్‌ఎంపీఎస్ నుండి వచ్చే 12 వోల్టులను బోర్డు మీది నియంత్రణ విభాగం సుమారు ఒక వోల్టుకు దించి ప్రాసెసర్‌కు ఇస్తుంది. 65 వాట్లను ఆ వోల్టేజి వద్ద ఇవ్వాలంటే సుమారు 60 ఆంపియర్లు ప్రవహించవలెను. అది సన్నని రేకును వెల్డు చేసే కరెంటు! అంతటి ప్రవాహం తపాలా బిళ్ళంత వస్తువులోనికి పోతున్నదని గుర్తించినప్పుడు, చవక బోర్డులో పెద్ద ప్రాసెసర్ ఎందుకు పెట్టరాదో అర్థమవుతుంది. పైగా పెట్టె మీద వ్రాసిన వాట్లు నిలకడ పనికి సంబంధించినవి. వేగం పుంజుకొన్న కొద్ది సేపు అంతకు మించి కూడా తీసుకొంటుంది. మిల్లులో మోటారు అశ్వశక్తి పెంచితే కప్లింగు, గేర్‌బాక్సు, పునాది బోల్టులు కూడా చూచుకోవలసినట్లే, ఇక్కడా బోర్డు, ఎస్‌ఎంపీఎస్, కూలర్ మూడూ చూచుకొనవలెను.

అయిదవది, కూలర్. దానిని బిగించే రంధ్రాల మధ్య దూరం ఎల్‌జీఏ 775లో 72 మిల్లీమీటర్లు. 1155, 1150, 1151, 1200 సాకెట్లలో 75. 2021లో వచ్చిన 1700లో 78. కాబట్టి 1150 నాటి కూలర్ 1200కు పడుతుంది, 1700కు పడదు. పడినా, 51 వాట్ల ప్రాసెసర్‌తో వచ్చిన పలుచని కూలర్ 65 వాట్లకు సరిపోతుందని భావించరాదు. పాత పేస్టును శుభ్రంగా తుడిచి కొత్తది వేయవలెను. ఏఎం4 ప్రాసెసర్లకు సూదుల వంటి పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటవి. పేస్టు ఎండి అతుక్కొనిపోయి, కూలరు లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానితోపాటు ఊడివచ్చి పిన్నులు వంగుతవి. యంత్రాన్ని కొంతసేపు నడిపి, వెచ్చబడిన తరువాత ఆపి, కరెంటు తీసివేసి, కూలరును మెల్లగా అటూ ఇటూ త్రిప్పి తీయుట ఉత్తమం.

ఆరవది, మెమొరీ. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 మెమొరీలు ఒకదాని గాడిలో మరొకటి పట్టవు. హెచ్110 బోర్డులలోనే కొన్ని డీడీఆర్3కు, కొన్ని డీడీఆర్4కు చేసినవి ఉన్నవి. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు డీడీఆర్5 మాత్రమే పనికివస్తుంది. బోర్డు మార్చేవారు మెమొరీ కూడా మార్చవలసివచ్చునా అని లెక్క వేసుకొనవలెను.

ఏడవది, పేరున్న సంస్థలు కూర్చి అమ్మిన డెస్క్‌టాప్‌లు. వీటిలో కొన్నింటికి బోర్డు ఆకారం, విద్యుత్ కనెక్టర్లు, ముందు ప్యానెల్ తీగలు ఆ సంస్థల సొంత పద్ధతిలో ఉంటవి. బజారులో దొరికే బోర్డు ఆ పెట్టెలో పట్టకపోవచ్చును. బయాస్ కూడా వారు ఇచ్చినంతవరకే. వీటి విషయంలో ఆ మోడల్‌తో పాటు అమ్ముడైన ప్రాసెసర్లకు మించి ఆశించకుండుట మేలు.

ఎనిమిదవది, ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ఎనిమిదవ తరం, ఏఎండీ రైజెన్ 2000 శ్రేణి మొదలుకొని పైవి ఉన్నవి. అంతకు ముందువాటికి స్వల్ప మినహాయింపులే. దానికి తోడు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సదుపాయాలు ఉండవలెను. ఆరవ తరం బోర్డులలో టీపీఎం 2.0 బయాస్ ద్వారా లభించవచ్చును. అయినా ప్రాసెసర్ జాబితాలో లేదు. అడ్డదారిన ఎక్కించేవారున్నారు. కాని కోర్ 2 కాలంనాటి ప్రాసెసర్లకు ఆ అడ్డదారి కూడా మూసుకొనిపోయినది. 2024లో వచ్చిన 24హెచ్2 సంచికకు అవసరమైన కొన్ని ఆదేశాలు ఆ ప్రాసెసర్లకు అసలే తెలియవు. విండోస్ 10తో కొనసాగదలచిన గృహ వినియోగదారులకు నమోదు చేసుకొంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇచ్చే ఏర్పాటు చేయబడినది. యంత్రంతో వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుందన్న సంగతి కూడా బోర్డు మార్చేవారు మరువరాదు.

అసలు ప్రాసెసరే మార్చవలెనా?

ఇది అన్నింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. నేను అదీ అడగలేదు. యంత్రం నెమ్మదిగా ఉన్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు చాలా సందర్భాలలో దోషం ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్కుది. తిరిగే డిస్కు ఒక్కొక్క ఫైలును వెతకడానికి సుమారు పది మిల్లీసెకన్లు తీసుకొంటుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో నూరవ వంతు కూడా పట్టదు. విండోస్ లేచేటప్పుడు వేలకొలది చిన్న ఫైళ్ళు చదవవలసి ఉంటుంది కాబట్టి తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. టాస్క్ మేనేజరు తెరచి, పని నెమ్మదించిన సమయంలో ప్రాసెసర్, మెమొరీ, డిస్కు – ఈ మూడింటిలో ఏది నూరు శాతం వద్ద నిలిచి ఉన్నదో చూడండి. ఏది నిలిచి ఉంటే అదే ఇరుకు. ఉత్తరాలు వ్రాయుట, బ్యాంకు పనులు, పిల్లల పాఠాలు మొదలైనవాటికి ఎస్‌ఎస్‌డీ, ఎనిమిది జీబీల మెమొరీ ఉంటే ఆరవ తరం ఐ3 ఇంకా బాగుగానే పనిచేస్తుంది. విండోస్ 11 అవసరం లేనివారు లినక్స్ వాడవచ్చును. సీ-డాక్ వారు రూపొందించిన బాస్ అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లినక్స్ మీద ఆధారపడినదే.

మా టెక్నీషియన్ గారి అమ్మాయి అవసరం వేరు. ఆమె డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కావలెను, కోర్లు కూడా కావలెను. అదే బోర్డులో ఉంచి బాగుచేయాలంటే నాలుగు కోర్ల ఐ7-6700 గాని, బయాస్ మార్చి ఐ5-7500 గాని వేయవచ్చును. రెండూ 65 వాట్లవే. కాని ఆ రెండూ విండోస్ 11 జాబితాలో లేవు. అనగా మరికొన్ని వేలు ఖర్చు చేసి కూడా, కొద్ది నెలలలో మళ్ళీ అదే గోడ ముందు నిలబడవలసివస్తుంది.

కథ ముగిసిన తీరు

మరునాడు ఆఫీసులో ఒక కవరులో అయిదు వేల రూపాయలు పెట్టి ఆయన చేతికివ్వబోయాను. ఆయన తీసుకోలేదు. నేను వదలలేదు. “ఇంజనీరు మాట మీద మీరు కొన్నారు. డ్రాయింగు తప్పయితే మెటీరియలు ఖర్చు ఎవరి లెక్కలో వేస్తారు?” అన్నాను. ఆయన నవ్వి, “సార్, మెటీరియలు చెడిపోలేదు కదా. దానికి తగిన బోర్డు చూడండి” అన్నారు.

ఆ మాటలో మార్గం దొరికినది. ప్రాసెసర్‌కు బోర్డు వెతికాము. రెండు వారాలకు హెచ్310 చిప్‌సెట్ గల, డీడీఆర్4 మెమొరీ పట్టే బోర్డు ఒకటి వాడినది దొరికినది. ఈసారి కొనే ముందు దాని మోడల్, రివిజన్ సంఖ్యలు వ్రాసుకొని, ప్రాసెసర్ జాబితాను ఆ అమ్మాయి చేతనే చదివించాను. దుకాణంలోనే ప్రాసెసర్ అమర్చి, తెర వెలిగిన తరువాతనే డబ్బు చెల్లించాము. బోర్డు ఖర్చు నాది, ఎస్‌ఎస్‌డీ ఖర్చు వారిది. పాత మెమొరీకి తోడుగా మరొక నాలుగు జీబీలు, 65 వాట్లకు తగిన కూలర్ వేశాము. పెట్టె, ఎస్‌ఎంపీఎస్ పాతవే సరిపోయినవి. విండోస్ 11 లైసెన్సు విడిగా తీసుకొనవలసి వచ్చినది. మొత్తం మీద కొత్త యంత్రం వెలలో కొద్ది భాగంతో పని జరిగినది. కాని మొదటి రోజుననే రెండు నిమిషాలు వెచ్చించి ఉంటే ఆ కుటుంబానికి మూడు వారాల ఆందోళన తప్పేది. ప్రాజెక్టు గడువు దగ్గరపడుతున్న విద్యార్థినికి మూడు వారాలంటే తక్కువ కాలం కాదు.

మిగిలిన పాత బోర్డును, ప్రాసెసర్‌ను చెత్తబుట్టలో వేయలేదు. ఐ3 ప్రాసెసర్, దాని బోర్డు, పాత హార్డ్ డిస్కు కలిపి, మెమొరీ ఒకటి సంపాదించి, మా కాలనీలోని ఒక చిన్న పిల్లవానికి లినక్స్ యంత్రంగా కూర్చి ఇచ్చాము. పూర్తిగా పనికిరాని బోర్డులు మీ ఇళ్ళలో ఉంటే వాటిని పాత ఇనుము కొనేవారికి తూకానికి వేయకండి. వాటిలో రాగి, కొద్దిపాటి బంగారం వంటి విలువైన లోహాలతోపాటు సీసం వంటి హానికరమైనవీ ఉంటవి. బహిరంగంగా కాల్చినా, ఆమ్లంలో కరగించినా ఆ విషం నేలలోనికి, నీటిలోనికి చేరుతుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల ఒడ్డున నివసించే మనకు ఇది దూరపు సంగతి కాదు. ఇటువంటి వ్యర్థాల నుండి లోహాలను సురక్షితంగా రాబట్టే పద్ధతులపై పరిశోధన జరుగుతున్నది కూడా ఈ ఊరిలోనే – 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలలో. 2023 ఏప్రిల్ 1 నుండి ఈ-వ్యర్థాల నియమావళి అమలులోనికి వచ్చినది; వీటిని నమోదైన పునశ్చక్రీకరణ సంస్థలకే అప్పగించుట మేలు.

ఒక మనవి. పైన వ్రాసినదంతా ఇంటి కంప్యూటర్లకు సంబంధించినది. కార్యాలయ యంత్రాలను ఎవరికివారు విప్పరాదు. కంప్యూటర్ విభాగానికి తెలియజేయవలెను.

చివరగా నాకు నేను చెప్పుకొన్న మాట. అనుభవం ఉన్నవాని నోటి నుండి వచ్చిన మాటను వినేవారు ప్రశ్నించరు, నేరుగా జేబులో చేయి పెడతారు. మన నోటికి వచ్చిన సంఖ్య ఎదుటివారి జీతంలో నుండి తీయబడుతుంది. కాబట్టి ఇకపై క్యాంటీనులో ఎవరు సలహా అడిగినా నా జవాబు ఒకటే: “బోర్డు సంఖ్య వ్రాసి తీసుకొని రండి. జాబితా చూచి చెబుతాను.” కొందరికి ఇది పెద్దమనిషి బెట్టుగా తోచవచ్చును. తోచినా మంచిదే.

మా టెక్నీషియన్ గారి అమ్మాయి ప్రాజెక్టు గడువులోపల పూర్తయినది. వారింట ఈసారి ఉప్మా వేడిగానే తిన్నాను.